25, 465, 587, 993: మెయిల్ సర్వర్‌లో ఏ పోర్టు దేనికి, ఏది ఎంచుకోవాలి

మెయిల్ సెట్టింగులు నింపేటప్పుడు చాలామంది ఆగిపోయే గడి "పోర్టు", అంటే సర్వర్‌లో ఒక్కో సేవకి ఉండే ద్వారం నంబరు. ముందు 25 పెట్టి చూస్తారు. కదలకపోతే 587, అదీ కుదరకపోతే 465. ఏదో ఒకటి పనిచేస్తుంది, ఇక ఆ పేజీ మూసేస్తారు. కానీ ఈ మూడూ ఒకే పనికి ఉన్న మూడు దారులు కావు. వీటిలో ఒకదాన్ని ఎంచుకునే అవకాశం మనకు అసలు లేదు. మిగతా రెండింటి మధ్య మాత్రం నిజమైన ఎంపిక ఉంది.

ఏ నంబరు పెట్టాలో తేల్చుకోవాలంటే రెండు ప్రశ్నలు చాలు. ఎవరు ఎవరికి కనెక్ట్ అవుతున్నారు? ఆ కనెక్షన్‌లో ఎన్‌క్రిప్షన్ మొదటి నుంచే ఉంటుందా, మధ్యలో మొదలవుతుందా? మొదటి ప్రశ్నకి జవాబు తెలిస్తే సగం నంబర్లు వాటంతటవే పక్కకి పోతాయి.

ఒక మెయిల్ నడిచే దారి చూడండి. మీరు ఫోన్‌లో రాసి పంపు నొక్కగానే మీ మెయిల్ యాప్ మీ సర్వర్‌తో మాట్లాడుతుంది. ఇది మనిషి తన సర్వర్‌కి మెయిల్ అప్పజెప్పే ఘట్టం, దీన్నే సబ్మిషన్ అంటారు. పోర్టు 465 లేదా 587. తర్వాత మీ సర్వర్, అవతలి డొమైన్‌కి మెయిల్ ఎవరు తీసుకుంటారో డీఎన్‌ఎస్‌ని (డొమైన్ పేర్ల వివరాలు చెప్పే వ్యవస్థ) అడిగి ఎంఎక్స్ రికార్డు తెచ్చుకుంటుంది (ఇది పోర్టు 53 మీద జరిగే పని), ఆ సర్వర్‌కి కనెక్ట్ అయి మెయిల్ ఇస్తుంది. ఇది సర్వర్ నుంచి సర్వర్‌కి, పోర్టు 25. చివరగా అవతలి మనిషి తన యాప్ తెరిచి మెయిల్ చదువుతాడు. మెయిల్ చదివే పద్ధతి ఐమ్యాప్ అయితే 993, పాప్ అయితే 995, బ్రౌజర్‌లో చదివితే 443. పంపడం, చేరవేయడం, చదవడం అనే ఈ మూడు సంభాషణలకీ నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందన్నది వేరు. పోర్టులు వేరుగా ఉండడానికి అసలు కారణం అదే.

పోర్టు 25: ఇక్కడ మీకు ఎంపిక లేదు

మెయిల్ పంపే భాష ఎస్‌ఎమ్‌టీపీని నిర్వచించిన ఆర్‌ఎఫ్‌సీ 821 (ఆర్‌ఎఫ్‌సీ అంటే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) వచ్చింది 1982లో. అప్పటి నుంచీ సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ ఇచ్చుకునేది 25 మీదే. దీన్ని మార్చలేకపోవడానికి కారణం చాలా సాదాది: ఎంఎక్స్ రికార్డులో సర్వర్ పేరు, ప్రాధాన్య సంఖ్య ఉంటాయి కానీ పోర్టు నంబరుకి చోటు లేదు. మీరు మీ సర్వర్‌ని 2600 మీద వినిపించుకోమన్నా ఆ సంగతి బయటి ప్రపంచానికి చెప్పే మార్గం లేదు. అవతలివాళ్ళు వచ్చి తట్టేది 25నే. కాబట్టి బయటి నుంచి మెయిల్ అందుకోవాలంటే లోపలికి వచ్చే 25 తెరిచి ఉండాల్సిందే. మీ సర్వర్ ఎవరి సాయం లేకుండా నేరుగా మెయిల్ పంపాలంటే బయటికి వెళ్ళే 25 కూడా తెరిచి ఉండాలి. ఈ రెండూ వేర్వేరు అనుమతులు. ఒకటి తెరిచి రెండోది మూసి ఉన్న సర్వర్లు చాలానే ఉంటాయి.

బయటికి వెళ్ళే 25ని ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్లలో చాలా కంపెనీలు మూసేస్తాయి. వైరస్ పట్టిన కంప్యూటర్లు నేరుగా ప్రపంచానికి స్పామ్ వెదజల్లకుండా ఇదొక అడ్డుకట్ట. క్లౌడ్ సంస్థలదీ అదే దారి. అమెజాన్ అద్దె సర్వర్లైన ఈసీ2లో ఇది మొదట మూసే ఉంటుంది, విన్నవించుకుంటే తెరవొచ్చు. గూగుల్ క్లౌడ్ కూడా బయటికి వెళ్ళే 25ని సాధారణంగా ఆపేస్తుంది. సర్వర్ అద్దెకి తీసుకునే ముందే ఈ విషయం కనుక్కోవడం మేలు, ఎందుకంటే ఈ అడ్డు చాలా ఆలస్యంగా బయటపడుతుంది. వినియోగదారుడు పంపు నొక్కగానే మీ సర్వర్ మెయిల్ తీసుకుంటుంది, యాప్‌లో "పంపబడింది" అని కనిపిస్తుంది. మెయిల్ మాత్రం క్యూలో కూర్చుంటుంది. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ డిఫాల్ట్‌గా 5 రోజులు ప్రయత్నిస్తూనే ఉండి, అప్పుడు గానీ వెనక్కి కొట్టదు. మధ్యలో ఆలస్యమవుతోందని హెచ్చరించే మెయిల్ కూడా, మీరు అడిగి పెట్టుకుంటే తప్ప, రాదు.

25 మీద మీరు నిర్ణయించుకోవాల్సినవి రెండే.

ఒకటి, ఇక్కడ లాగిన్ ఉంచాలా? వద్దు. బయటి సర్వర్ మీకు మెయిల్ ఇవ్వడానికి వస్తే దానికి మీ దగ్గర ఖాతా ఉండదు, ఉండాల్సిన పనీ లేదు. అది మీ డొమైన్‌కి మెయిల్ తెస్తే తీసుకోండి, వేరే డొమైన్‌కి తెస్తే తిప్పికొట్టండి. అలా తిప్పికొట్టని సర్వర్ ఓపెన్ రిలే అవుతుంది, స్పామ్ పంపేవాళ్ళ బ్లాక్‌లిస్టుల్లోకి ఎక్కడానికి దానికి ఎంతో కాలం పట్టదు. 25 మీద లాగిన్ తీసేస్తే పాస్‌వర్డులు ఊహిస్తూ తిరిగే బాట్లకి అక్కడ దొరికేదేమీ ఉండదు.

రెండు, ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి చేయాలా? భద్రత మీద పట్టింపు ఉన్నవాళ్ళు ఇక్కడ పొరపాటు పడతారు. అందరికీ తెలిసిన ఎంఎక్స్ సర్వర్ తన డొమైన్‌కి వచ్చే మెయిల్‌కి స్టార్ట్‌టీఎల్‌ఎస్‌ని (మామూలుగా మొదలైన కనెక్షన్‌ని మధ్యలో టీఎల్‌ఎస్ అనే ఎన్‌క్రిప్షన్‌లోకి మార్చే ఆదేశం) తప్పనిసరి చేయకూడదని 2002 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3207 చెప్తుంది. తప్పనిసరి చేస్తే ఎన్‌క్రిప్షన్ రాని పాత సర్వర్ల నుంచి వచ్చే అసలైన మెయిల్ పోతుంది. అందుకే 25 మీద ఎన్‌క్రిప్షన్ "వీలైతే" అన్న పద్ధతిలో నడుస్తుంది. పైగా పంపే సర్వర్ సాధారణంగా అవతలి సర్టిఫికెట్ సరైనదో కాదో పట్టించుకోదు. దారి మధ్యలో చేరినవాడు స్టార్ట్‌టీఎల్‌ఎస్ అన్న ప్రకటనని చెరిపేస్తే మెయిల్ మామూలుగా, తెరిచిన ఉత్తరంలా వెళ్ళిపోతుంది. దీనికి మందు పోర్టు మార్చడం కాదు. డీఎన్‌ఎస్ జవాబులకి సంతకం పెట్టే డీఎన్‌ఎస్‌సెక్ మీద నిలబడే డేన్ (2015లో ఆర్‌ఎఫ్‌సీ 7672), హెచ్‌టీటీపీఎస్ ద్వారా విధానాన్ని ప్రకటించే ఎంటీఏ-ఎస్‌టీఎస్ (2018లో ఆర్‌ఎఫ్‌సీ 8461) అందుకోసమే వచ్చాయి. మీ డొమైన్‌కి డీఎన్‌ఎస్‌సెక్ ఉంటే డేన్ పెట్టండి, లేకపోతే ఎంటీఏ-ఎస్‌టీఎస్ తేలిక. రెండూ కలిపి పెట్టుకున్నా ఒకదానికొకటి అడ్డు రావు.

465కీ 587కీ మధ్య

అసలైన ఎంపిక ఇక్కడ ఉంది, గందరగోళమూ ఇక్కడే ఎక్కువ.

మొదట్లో యాప్‌లు కూడా 25కే మెయిల్ అప్పజెప్పేవి. 1990ల చివరికి స్పామ్ పెరిగాక, సొంత వినియోగదారుడికీ ఊరూపేరూ లేని సర్వర్‌కీ ఒకే ద్వారం పెట్టడం కుదరదని తేలింది. 1998 డిసెంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2476 సబ్మిషన్‌కి 587ని కేటాయించింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 2011 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6409.

465 కథ కాస్త వంకరగా నడిచింది. 1997లో ఎస్‌ఎస్‌ఎల్‌తో (టీఎల్‌ఎస్ పాత రూపం) చుట్టిన ఎస్‌ఎమ్‌టీపీకి ఈ నంబరు ఇచ్చారు. స్టార్ట్‌టీఎల్‌ఎస్ వచ్చేసరికి ఒక్కో సేవకి రెండేసి పోర్టులు దండగని వెనక్కి తీసుకున్నారు, మెయిల్‌తో సంబంధం లేని మరో సేవకి ఇచ్చేశారు. కానీ అప్పటికే 465 మీద పనిచేస్తున్న యాప్‌లు, సర్వర్లు దాన్ని వదల్లేదు. కాగితం మీద రద్దయిన పోర్టు ఆచరణలో దాదాపు 20 ఏళ్ళు బతికింది. చివరికి 2018 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 8314 దాన్ని తిరిగి గుర్తించింది. గుర్తించడమే కాదు, యాప్ నుంచి సర్వర్‌కి వెళ్ళే మెయిల్‌కి మొదటి నుంచీ టీఎల్‌ఎస్ ఉన్న ఈ పద్ధతినే ఇష్టపడమని చెప్పింది. కాబట్టి "465 పాతబడిపోయింది, వాడకండి" అని ఎక్కడైనా చదివితే, ఆ మాట రాసిన తేదీ చూడండి.

రెండింటి తేడా ఎన్‌క్రిప్షన్ ఎప్పుడు మొదలవుతుందన్నదే. 465లో కనెక్షన్ కలవగానే టీఎల్‌ఎస్ కరచాలనం జరుగుతుంది. అది పూర్తయ్యాకే సర్వర్ తొలి పలకరింపు పంపుతుంది. 587లో సంభాషణ బహిరంగంగా మొదలవుతుంది: సర్వర్ 220 అని పలకరిస్తుంది, యాప్ ఈహెచ్‌ఎల్‌ఓ అని బదులిస్తుంది, సర్వర్ తనకు వచ్చిన విద్యల జాబితా చెప్తుంది, అందులో స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఉంటే యాప్ దాన్ని అడుగుతుంది, అప్పుడు ఎన్‌క్రిప్షన్ మొదలవుతుంది. నడివీధిలో మాట మొదలుపెట్టి, గుట్టు చెప్పుకునే ముందు గదిలోకి వెళ్ళి తలుపేసుకోవడం లాంటిది ఇది. తలుపు వేసుకున్నాక రెండు చోట్లా భద్రత ఒకటే. ప్రమాదమంతా గదిలోకి వెళ్ళే లోపలే.

ఆ లోపల ఏం జరగొచ్చంటే, మధ్యలో ఉన్నవాడు జాబితాలోంచి స్టార్ట్‌టీఎల్‌ఎస్‌ని తీసేస్తే "ఉంటే వాడు, లేకపోతే మామూలుగా పంపు" అన్న సెట్టింగ్‌లో ఉన్న యాప్ పాస్‌వర్డును తెరిచి పంపేస్తుంది. కొన్ని ఫైర్‌వాల్‌లు ఎస్‌ఎమ్‌టీపీని తనిఖీ చేస్తున్నామంటూ ఈ పనే చేస్తాయి, అక్కడ దొంగ ఎవరూ ఉండరు. ఇంకో రకం ఉంది. ఎన్‌క్రిప్షన్‌కి ముందు తెరిచి వచ్చిన ఆదేశాలను సర్వర్ పారేయకుండా అట్టే పెట్టుకుని, తర్వాత ఎన్‌క్రిప్షన్ లోపల వచ్చినవే అనుకుని అమలు చేయడం. 2011లో పోస్ట్‌ఫిక్స్‌లో ఇలాంటి లోపం బయటపడి సరిదిద్దారు. 2021లో జర్మనీ పరిశోధకులు మెయిల్ యాప్‌లనూ సర్వర్‌లనూ వరసగా పరీక్షించి స్టార్ట్‌టీఎల్‌ఎస్ అమలులో 40కి పైగా లోపాలు చూపించారు. మొదటి నుంచే టీఎల్‌ఎస్ ఉంటే ఈ మలుపే ఉండదు కాబట్టి ఈ తరహా లోపాలకి చోటే లేదు.

అందుకని నా సలహా: కొత్తగా పెట్టే యాప్‌కి 465. సర్వర్ మీదైతే 465, 587 రెండూ తెరవండి, కానీ 587 మీద ఎన్‌క్రిప్షన్ లేకుండా లాగిన్ ఒప్పుకోకండి. పోస్ట్‌ఫిక్స్‌లో 587కి టీఎల్‌ఎస్ స్థాయిని "ఎన్‌క్రిప్ట్" అని, 465కి ర్యాపర్ మోడ్ (మొదటి నుంచే టీఎల్‌ఎస్) అని పెట్టేది ఇందుకే. 587ని పూర్తిగా మూసేయమని చెప్పను. పాత ప్రింటర్‌లు, స్కానర్‌లు, కొన్ని నిఘా పరికరాలకి అది తప్ప వేరేది రాదు. కొన్ని పెద్ద సేవలు కూడా ఒక్కటే ఇస్తాయి. మీ యాప్ మైక్రోసాఫ్ట్ 365 ద్వారా పంపాలంటే స్టార్ట్‌టీఎల్‌ఎస్‌తో 587 వాడాలి, 465 అక్కడ లేదు. జీమెయిల్ రెండూ ఇస్తుంది.

587 వాడక తప్పని చోట, యాప్‌లో "స్టార్ట్‌టీఎల్‌ఎస్ తప్పనిసరి" అన్న అర్థం వచ్చే సెట్టింగ్ ఉందో లేదో వెతకండి. "అందుబాటులో ఉంటే" అన్నది వద్దు. ఆ తప్పనిసరి సెట్టింగ్ సరిగ్గా పనిచేస్తే 465తో తేడా చాలా తగ్గిపోతుంది. 587 అంటేనే ప్రమాదమని ఎవరైనా అంటే అది అతిశయోక్తి.

సెట్టింగుల తెరమీద పేర్లు మాత్రం తలనొప్పి. ఒక యాప్‌లో "ఎస్‌ఎస్‌ఎల్" అంటే 465, "టీఎల్‌ఎస్" అంటే 587 అని అర్థం. నిజానికి రెండు చోట్లా నడిచేది టీఎల్‌ఎస్సే. వెబ్‌సైట్లు కట్టే సాధనం జాంగోలో యూజ్ టీఎల్‌ఎస్, యూజ్ ఎస్‌ఎస్‌ఎల్ అని రెండు సెట్టింగులు ఉంటాయి, ఒకేసారి రెండూ నిజం చేస్తే ఒప్పుకోదు. మొదటిది 587కి, రెండోది 465కి. కోడ్ నుంచి మెయిల్ పంపే నోడ్‌మెయిలర్‌లో "సెక్యూర్" అన్న సెట్టింగ్‌ని 587కి అబద్ధం అని పెట్టాలి. అది చూసి భద్రత తీసేస్తున్నామేమో అని భయపడక్కర్లేదు, మొదటి నుంచీ టీఎల్‌ఎస్ వద్దని మాత్రమే దానర్థం. అయితే అక్కడే ఆగకుండా "రిక్వైర్ టీఎల్‌ఎస్" నిజం చేయండి, లేకపోతే స్టార్ట్‌టీఎల్‌ఎస్ కనిపించనప్పుడు అది తెరిచి పంపేస్తుంది. పైథాన్ ఎస్‌ఎమ్‌టీపీలిబ్‌లో ఈ రెండు పద్ధతులకీ వేర్వేరు క్లాసులే ఉన్నాయి.

పోర్టుని, పద్ధతిని కలగాపులగం చేస్తే కనిపించే లక్షణాలు గుర్తుపెట్టుకుంటే గంటలు మిగులుతాయి. 465కి స్టార్ట్‌టీఎల్‌ఎస్ పద్ధతిలో కనెక్ట్ అయితే ఏమీ జరగదు, అలా వేలాడుతుంది. యాప్ సర్వర్ పలకరింపు కోసం ఎదురుచూస్తుంది, సర్వర్ యాప్ టీఎల్‌ఎస్ మొదలుపెడుతుందని ఎదురుచూస్తుంది. తిరగేసి, 587కి మొదటి నుంచే టీఎల్‌ఎస్ అని కనెక్ట్ అయితే "వెర్షన్ నంబరు తప్పు" అన్న అర్థంలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లోపం చూపిస్తుంది. టీఎల్‌ఎస్ వెర్షన్‌లో తేడా ఏమీ లేదు. సర్వర్ పంపిన 220 పలకరింపును అది టీఎల్‌ఎస్ రికార్డు అనుకుని చదివింది, అంతే. ఆ మాట నమ్మి సర్వర్‌లో టీఎల్‌ఎస్ వెర్షన్లు మార్చుకుంటూ కూర్చోకండి.

25నే అన్నిటికీ వాడితే ఏం పోతుంది?

చిన్న సర్వరే కదా, ఒకే పోర్టు చాలదా అని అడిగేవాళ్ళుంటారు. సాంకేతికంగా కుదురుతుంది. కానీ మెయిల్ సర్వర్ చేసే పని రెండు చోట్లా సరిగ్గా వ్యతిరేకం.

25 మీద వచ్చినవాడిని సర్వర్ అనుమానించాలి. ఐపీ బ్లాక్‌లిస్టులో ఉందా, రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీ నుంచి పేరు) ఉందా, ఎస్‌పీఎఫ్ (ఆ డొమైన్ తరఫున పంపే అనుమతి) కుదిరిందా, డీకిమ్ సంతకం (మెయిల్ ఆ డొమైన్‌దేనన్న ముద్ర) సరిపోయిందా అన్నీ చూడాలి. సబ్మిషన్ పోర్టు మీద వచ్చినవాడు పాస్‌వర్డ్ చెప్పి నిరూపించుకున్నాడు. అతని ఐపీ ఏమిటన్నది పెద్ద సంగతి కాదు. ఇంటి కనెక్షన్ల ఐపీ శ్రేణులు నేరుగా మెయిల్ పంపకూడనివంటూ కొన్ని బ్లాక్‌లిస్టుల్లో పనిగట్టుకుని చేర్చి ఉంటాయి. 25 నియమాలను అతనికీ వర్తింపజేస్తే, ఇంట్లో కూర్చుని మెయిల్ పంపబోయిన మీ సొంత వినియోగదారుడినే మీరు తిప్పికొడతారు. మెయిల్ మీద చేసే పనులూ వేరు: తేదీ, మెసేజ్ ఐడీ లేకపోతే సబ్మిషన్ సర్వర్ చేర్చవచ్చు, మీ డొమైన్ తరఫున డీకిమ్ సంతకం పెట్టాలి. 25 మీద వచ్చిన మెయిల్‌కి సంతకం పెట్టకూడదు, ఉన్న సంతకాన్ని తనిఖీ చేయాలి. పోస్ట్‌ఫిక్స్‌లోని పోస్ట్‌స్క్రీన్ లాంటి బాట్లను వడగట్టే సాధనాలు 25కే సరిపోతాయి, సబ్మిషన్ పోర్టు ముందు పెడితే మామూలు యాప్‌లు దెబ్బతింటాయి.

2525 గురించి

ప్రమాణాల్లో లేని నంబరు ఇది. 25, 587, 465 మూడూ మూసేసిన నెట్‌వర్కుల నుంచి బయటపడడానికి సెండ్‌గ్రిడ్, మెయిల్‌గన్, పోస్ట్‌మార్క్ లాంటి మెయిల్ పంపే సేవలు దీన్ని తెరిచి ఉంచుతాయి. అమెజాన్ ఎస్‌ఈఎస్ ఇదే అవసరానికి 2587, 2465 ఇస్తుంది. 2525లో పద్ధతి 587దే: స్టార్ట్‌టీఎల్‌ఎస్, లాగిన్. వేరే దారి లేనప్పుడు వాడండి. మీ సొంత సర్వర్‌లో దీన్ని ముందే తెరిచి పెట్టుకోవాల్సిన పని లేదు.

అప్లికేషన్ నుంచి మెయిల్ పంపాలంటే

వెబ్‌సైట్ నుంచి పాస్‌వర్డ్ మార్పు లింకులు, రసీదులు పంపాలి అనుకుందాం. ఇక్కడ మూడు దారులు ఉన్నాయి.

సర్వర్ నుంచి నేరుగా 25 మీద అందరికీ పంపడం మొదటిది. ఎవరి మీదా ఆధారపడనక్కర్లేదు, ఖర్చూ లేదు. కానీ బయటికి వెళ్ళే 25 తెరిపించుకోవాలి, ఐపీకి రివర్స్ డీఎన్‌ఎస్ పెట్టించాలి, ఎస్‌పీఎఫ్, డీకిమ్, ఆ రెండూ కుదరని మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే డీమార్క్ సరిచూసుకోవాలి, ఆ తర్వాత ఐపీకి మంచి పేరు వచ్చేదాకా ఓపిక పట్టాలి. మెయిల్ సర్వర్ నడపడమే మీ పని అయితే తప్ప ఈ దారి పట్టకండి.

రెండోది, 465 లేదా 587 మీద లాగిన్ అయి ఏదైనా సేవకి అప్పజెప్పడం. 25 మీద ప్రపంచంతో మాట్లాడే తలనొప్పి వాళ్ళది. ఎక్కువమందికి సరైనది ఇదే. మీ సర్వర్‌లోనే పోస్ట్‌ఫిక్స్ పెట్టి దాని ద్వారా పంపితే ఇంకో లాభం ఉంది: అవతలి సేవ కాసేపు ఆగిపోయినా మెయిల్ క్యూలో భద్రంగా ఉంటుంది, మీ వెబ్‌సైట్ కోడ్ ఎదురుచూస్తూ కూర్చోదు. 465 ద్వారా బయటికి పంపడం పోస్ట్‌ఫిక్స్‌కి 3.0 నుంచి నేరుగా వచ్చు. అంతకు ముందు వెర్షన్లలో మధ్యలో టీఎల్‌ఎస్ చుట్టే స్టన్నెల్ లాంటిది పెట్టాల్సి వచ్చేది.

మూడోది ఎస్‌ఎమ్‌టీపీని వదిలేసి సేవ ఇచ్చే హెచ్‌టీటీపీఎస్ ఏపీఐని 443 మీద పిలవడం. 443ని మూసే నెట్‌వర్క్ దాదాపు ఉండదు, లోపాలు కూడా స్పష్టమైన రూపంలో తిరిగి వస్తాయి. కానీ రేపు సేవ మార్చుకోవాలంటే కోడ్ మార్చాలి. ఎస్‌ఎమ్‌టీపీ అయితే సర్వర్ పేరు, పాస్‌వర్డ్ మార్చితే సరిపోతుంది. నాకు ఈ ఒక్క కారణమే రెండో దారి వైపు మొగ్గడానికి చాలు.

ప్రింటర్, స్కానర్ లాంటి పరికరాల సంగతి వేరు. పాతవాటికి కొత్త టీఎల్‌ఎస్ రాదు. టీఎల్‌ఎస్ 1.0, 1.1లను 2021లో ఆర్‌ఎఫ్‌సీ 8996 విరమించింది, చాలా సర్వర్లు వాటిని ఆపేశాయి. ఆ ఒక్క పరికరం కోసం బయటికి కనిపించే సర్వర్‌లో పాత టీఎల్‌ఎస్ తెరవడం కంటే, లోపలి నెట్‌వర్క్‌లో మెయిల్ అందుకుని ముందుకు పంపే చిన్న రిలే పెట్టి, ఆ పరికరం ఐపీని మాత్రమే ఒప్పుకునేలా చేసి, అక్కడి నుంచి 465 మీద పంపించడం నయం.

చదవడానికి: 993, 995, 143, 110

ఇక్కడ తేల్చుకోవడం తేలిక. 143, 110 పోర్టులు వరసగా ఐమ్యాప్‌కీ పాప్3కీ పాత ద్వారాలు, 587 లాగే స్టార్ట్‌టీఎల్‌ఎస్‌తో పనిచేస్తాయి. 993, 995 మొదటి నుంచే టీఎల్‌ఎస్. పైన 465 గురించి చెప్పిన వాదనే ఇక్కడా నిలుస్తుంది, ఇంకాస్త గట్టిగా నిలుస్తుంది, ఎందుకంటే ఈ పోర్టుల మీదికి పాస్‌వర్డు రోజంతా వెళ్తూనే ఉంటుంది. మెయిల్ చదివించే సర్వర్ సాఫ్ట్‌వేర్ డవ్‌కాట్ ఎన్‌క్రిప్షన్ లేని లాగిన్‌ని డిఫాల్ట్‌గా తిరస్కరిస్తుంది కదా, 143 తెరిచి ఉంచితే ఏమవుతుంది అనొచ్చు. సర్వర్ తిరస్కరించేసరికే తప్పుగా అమర్చిన యాప్ పాస్‌వర్డును తీగ మీదికి పంపేసి ఉంటుంది. తిరస్కారం దాన్ని వెనక్కి తేలేదు. 143, 110 బయటికి మూసేయండి. 587 విషయంలో చూపిన సడలింపు ఇక్కడ అక్కర్లేదు, 993 రాని మెయిల్ యాప్ ఇప్పుడు దొరకడం కష్టం.

ఐమ్యాపా, పాపా అన్నది అసలు ప్రశ్న. ఐమ్యాప్‌లో మెయిల్ సర్వర్ మీదే ఉంటుంది. ఫోన్, ల్యాప్‌టాప్, వెబ్‌మెయిల్ అన్నిట్లో ఒకే చిత్రం కనిపిస్తుంది. ఐడిల్ అనే సదుపాయం వల్ల కొత్త మెయిల్ రాగానే తెలుస్తుంది, దానికోసం కనెక్షన్ తెరిచే ఉంచుతుంది. ఫలితంగా ఒక్కో యాప్ ఒకేసారి నాలుగైదు కనెక్షన్లు పట్టుకుని కూర్చోగలదు. డవ్‌కాట్ ఒక వినియోగదారుడికి ఒక ఐపీ నుంచి 10 కనెక్షన్లే డిఫాల్ట్‌గా ఒప్పుకుంటుంది. ఒకే వైఫై మీద మూడు పరికరాలున్న మనిషికి "లాగిన్ కావట్లేదు" అన్న ఫిర్యాదు వస్తే పాస్‌వర్డు మార్చే ముందు ఈ పరిమితిని చూడండి.

పాప్3 మెయిల్‌ని దించుకుని, సాధారణంగా సర్వర్ మీంచి తీసేస్తుంది. మనుషులకి నేను దీన్ని సూచించను. కానీ ఒక టికెట్ వ్యవస్థో, స్క్రిప్టో ఏదో చిరునామాకి వచ్చిన మెయిల్‌ని లాక్కుని చెరిపేయాల్సిన చోట పాప్3 సరళత ముచ్చటేస్తుంది. అలాంటి అవసరం లేకపోతే 995 తెరవనే వద్దు.

ఫైర్‌వాల్‌లో మిగిలేవి

బయటి ప్రపంచానికి: 25, 465, 587, 993. వెబ్‌మెయిల్ ఉంటే 443. సర్టిఫికెట్‌ని, డొమైన్ మీదేనని తేల్చే హెచ్‌టీటీపీ పరీక్షతో తెచ్చుకుంటుంటే 80. యాప్ నుంచే మెయిల్ వడపోత నియమాలు రాసుకునే వాళ్ళుంటే మేనేజ్‌సీవ్ కోసం 4190. బయటికి వెళ్ళే దిశలో 25తో పాటు 53ని యూడీపీ, టీసీపీ రెండిట్లో వదలాలి. డీకిమ్ తాళాలు, డీఎన్‌ఎస్‌సెక్ జవాబులు పెద్దవి కాబట్టి టీసీపీ 53 మూసేస్తే అప్పుడప్పుడు మాత్రమే కనిపించే వింత వైఫల్యాలు మొదలవుతాయి.

సర్వర్ లోపల భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పోర్టులు కొన్ని ఉంటాయి. మెయిల్‌ని వడగట్టే అమావిస్ సాధారణంగా 10024లో మెయిల్ తీసుకుని 10025కి తిరిగి ఇస్తుంది, స్పామ్ పట్టే ఆర్‌స్పామ్‌డీ 11332 మీద మిల్టర్‌గా (మెయిల్ వడపోత సాధనంగా) వింటుంది, మెయిల్‌బాక్స్‌కి అందించే ఎల్‌ఎమ్‌టీపీ తరచూ 24 మీద ఉంటుంది. ఇవి 127.0.0.1 (ఆ యంత్రం తనతో తాను మాట్లాడుకునే చిరునామా) దాటి కనిపించకూడదు. వడపోత పూర్తయిన మెయిల్ తిరిగి వచ్చే 10025 లాంటి ద్వారంలో తనిఖీలేవీ ఉండవు, అది బయటికి తెరుచుకుంటే మీ 25 మీద పెట్టిన కాపలా అంతా వృథా. డాకర్‌లో (సాఫ్ట్‌వేర్‌ని విడి పెట్టెల్లో నడిపే సాధనం) మెయిల్ సర్వర్ నడిపేవాళ్ళు దీన్ని ప్రత్యేకంగా చూసుకోవాలి. డాకర్ ప్రచురించిన పోర్టు మీ ఫైర్‌వాల్ (యూఎఫ్‌డబ్ల్యూ) నియమాలను పక్కన పెట్టి బయటికి కనిపిస్తుంది.

సరిగ్గా పనిచేస్తోందని తేల్చుకోవడం

కనెక్షన్ ఎలా విఫలమైందో గమనించండి. వెంటనే "నిరాకరించబడింది" అని వస్తే యంత్రం చేరుకున్నారు, ఆ పోర్టు మీద వినేవాడు లేడు. సేవ ఆగిపోయి ఉండొచ్చు, లేదా 127.0.0.1 మీద మాత్రమే వింటోంది. చాలాసేపు వేలాడి సమయం మించిపోతే మధ్యలో ఎవరో ప్యాకెట్లను మింగేస్తున్నారు, అంటే ఫైర్‌వాల్, క్లౌడ్ సెక్యూరిటీ గ్రూప్ లేదా ఇంటర్నెట్ కంపెనీ. కనెక్ట్ అయ్యాక 530 వస్తే ముందు స్టార్ట్‌టీఎల్‌ఎస్ గానీ లాగిన్ గానీ అడుగుతోంది, 535 అయితే పాస్‌వర్డు తప్పు, 554 5.7.1 రిలే నిరాకరణ అయితే మీరు లాగిన్ కాకుండా బయటి డొమైన్‌కి పంపబోయారు. ఈ చివరిది చాలాసార్లు యాప్‌లో 587కి బదులు 25 పెట్టడం వల్ల వస్తుంది.

టీఎల్‌ఎస్‌ని చూడాలంటే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోని ఎస్-క్లయింట్ సాధనం ఉంది. 465, 993కి నేరుగా, 587, 25కి స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఎస్‌ఎమ్‌టీపీ అన్న ఎంపికతో నడపండి. సర్టిఫికెట్‌లో ఉన్న పేరు, యాప్‌లో మీరు రాసిన సర్వర్ పేరు ఒకటేనా చూడండి. పేరుకి బదులు ఐపీ రాస్తే యాప్ హెచ్చరిస్తుంది, జనం "సరే" నొక్కుతారు, ఆ అలవాటే ఎన్‌క్రిప్షన్ విలువని తీసేస్తుంది.

వెళ్ళిన మెయిల్ ఏ దారిన వెళ్ళిందో మెయిల్‌లోనే రాసి ఉంటుంది. రిసీవ్డ్ శీర్షికలో "విత్" తర్వాత ఈఎస్‌ఎమ్‌టీపీఎస్‌ఏ అని ఉంటే టీఎల్‌ఎస్, లాగిన్ రెండూ జరిగాయి, అంటే సబ్మిషన్. ఈఎస్‌ఎమ్‌టీపీఎస్ అయితే టీఎల్‌ఎస్ ఉంది, లాగిన్ లేదు. సర్వర్ల మధ్య ఇది మామూలే. ఉత్త ఈఎస్‌ఎమ్‌టీపీ అయితే ఆ మెట్టు తెరిచే దాటింది. 465కీ 587కీ తేడా మాత్రం అక్కడ తెలియదు, దానికి సర్వర్ లాగ్ చూడాలి. ఏ పోర్టుకి ఏ పేరుతో లాగ్ రాయాలో పోస్ట్‌ఫిక్స్‌లో వేరుగా పెట్టుకోవచ్చు. కొన్నాళ్ళు ఆ లాగ్ చూస్తే 587 ఇంకా ఎవరు వాడుతున్నారో, ఎప్పుడు మూయొచ్చో తేలిపోతుంది.

ఈ పరీక్షలన్నీ సర్వర్ బయటి నుంచి చేయండి. లోపలి నుంచి ఫైర్‌వాల్ కనిపించదు. ఇక 25ని మాత్రం ఇంటి కనెక్షన్ నుంచి పరీక్షించకండి. ఇంటర్నెట్ కంపెనీ మీ ప్రయత్నాన్ని మీ వైపే ఆపేస్తే, చక్కగా పనిచేస్తున్న సర్వర్ కూడా మూసి ఉన్నట్టు కనిపిస్తుంది. 25 తెరిచి ఉన్న మరో సర్వర్ నుంచి చూడండి, లేదా వేరే మెయిల్ సేవ నుంచి మీ చిరునామాకి ఒక మెయిల్ పంపి లాగ్‌లో ఆ కనెక్షన్ వస్తుందేమో చూడండి.